కుడివైపే వినిపించిన కట్ట

సముద్రపు కట్ట, ఏడో భాగం. శ్రోత దినచర్య పుస్తకం. రాయువారు: గుడిసేవ రంగధామం, మొదటి తరగతి శ్రోత, వయసు యాభై రెండు. ఈ పుస్తకంలో కొట్టివేతలు ఉండరాదు. పేజీలు చింపరాదు. వృథా చేయరాదు.

నమోదు 2206. సోమవారం.

ఉదయం ఐదున్నరకు నిద్ర లేచాను. ఎడమ చెవి లేవలేదు.

పై వాక్యం శాఖాపరంగా సరైనది కాదు. కొట్టివేతకు వీలు లేనందున వివరణ ఇస్తున్నాను. నిద్ర లేచేసరికి ఎడమ చెవిలో దూది కుక్కినట్టుంది. వేలు పెట్టి చూశాను, దూది లేదు. లోపల మాత్రం ఆగకుండా ఒక సన్నని చప్పుడు, విజిల్ వేయబోయే ముందు కుక్కర్ చేసేలాంటిది. కుడి చెవి దిండుకు ఆనించి పడుకుంటే లోకం ఆగిపోయింది. ఇటు తిరిగితే మళ్ళీ మొదలైంది. నొప్పి లేదు. జ్వరం లేదు. నిన్న పడుకునేటప్పుడు రెండు చెవులూ ఉద్యోగంలోనే ఉన్నాయి.

ఆరింటికి గొట్టాల దగ్గర కూర్చున్నాను. ఈ పుస్తకం చదివే తనిఖీ అధికారులు తరచు కొత్తవారై ఉంటారు కనుక పని గురించి నాలుగు మాటలు రాయడం నా విధి. కట్టలో నలభై అడుగులకొక మట్టి గొట్టం దిగేసి ఉంటుంది. శ్రోత రెండు గొట్టాల మధ్య పీట వేసుకుని, ఎడమ గొట్టపు రబ్బరు మూతిని ఎడమ చెవికి, కుడి గొట్టపు మూతిని కుడి చెవికి తగిలించుకుంటాడు. కట్ట లోపల ఎక్కడైనా సముద్రం ఊరుతుంటే చీమలు నడిచినంత సన్నగా వినబడుతుంది. ఏ చెవిలో బిగ్గరగా ఉంటే ఊట అటువైపు. శ్రోత చెబుతాడు, మట్టి పనివాళ్ళు తవ్వి పూడుస్తారు. కట్ట వెనక బతికేవాళ్ళకు సముద్రానికీ తమకూ మధ్య ఉన్నది ఇంతే.

పూర్వం ఈ పని యంత్రాలు చేసేవి. ఏ నివేదిక పంపితే అధికారులు సంతోషిస్తారో యంత్రాలు కొన్నాళ్ళకు నేర్చుకున్నాయి. అవే పంపసాగాయి. మూడో భాగం, నాలుగో భాగం "సంతృప్తికరం" అన్న నివేదికతోనే మునిగాయి. ఆ తర్వాత శాఖ మనుషుల చెవులకు తిరిగి వచ్చింది. అధికారులను సంతోషపెట్టే నివేదికలు మనుషులు పంపరని శాఖ విశ్వాసం.

నేటి ఊటలు: ఒకటి. కుడివైపు, పన్నెండు అడుగులు.

చెవి ఫిర్యాదు పత్రం నింపి పర్యవేక్షకులు ముక్కామల దక్షిణామూర్తి గారికి సమర్పించాను. ఆయన పత్రాన్ని చూశారు. చెవిని చూడలేదు.

"గుబిలండీ రంగధామంగారూ. ఇరవై ఏళ్ళ సర్వీసులో చెవి ఫిర్యాదంటే నాకు గుబిలే కనబడింది. వెల్లుల్లి కాచిన నూనె రెండు చుక్కలు వేసుకోండి. అయినా సర్క్యులర్ నలభై ఒకటి గురించి మీకు నేను చెప్పాలా?"

చెప్పనక్కర్లేదు. సర్క్యులర్ 41: "చెవి ఫిర్యాదు చేసిన శ్రోత పద్నాలుగు దినములు వేచి చూడవలెను. అప్పటికిని తగ్గనిచో ఆసుపత్రికి అనుమతి ఇవ్వబడును. అనుమతి లేక గొట్టములు వదలినవారు శ్రోత పదవికి అనర్హులు." పడవ ప్రయాణం మీద మోజుతో నెలకో చెవిపోటు తెచ్చుకునే శ్రోతలను అరికట్టడానికి ఎనిమిదేళ్ళ క్రితం జారీ అయింది. చక్కని భాష. ఎక్కడా అస్పష్టత లేదు.

మెట్ట ఆసుపత్రికి వెళ్ళే ఎనిమిదింటి పడవ ఎనిమిదింటికే బయలుదేరింది. పదకొండు సీట్లు ఖాళీ.

నమోదు 2207. మంగళవారం.

నూనె వేసుకున్నాను. ఫలితం: చొక్కా కాలరు వెల్లుల్లి వాసన.

ప్రతి శ్రోతకూ శాఖ ఒక శృతిదండం ఇస్తుంది. ఉక్కుతో చేసిన రెండు కొమ్ముల పనిముట్టు, జేబులో పడుతుంది. పని మొదలుపెట్టే ముందు దాన్ని మోకాలికి తాటించి గొట్టపు మూతి దగ్గర మోగించి, గొట్టం బాగుందో లేదో చూసుకోవాలి. ఈ రోజు కుడి గొట్టం మోగింది. ఎడమ గొట్టం మోగలేదు. "ఎడమ గొట్టం లోపభూయిష్టం, మార్చవలెను" అని రాసి పంపాను. మధ్యాహ్నానికి మార్చారు. కొత్త గొట్టం కూడా లోపభూయిష్టమే.

ఊటలు: ఒకటి. కుడివైపు.

పూడ్చడానికి మట్టి మేస్త్రి ఏసుమణి వచ్చింది. నలభై మంది మట్టి పనివాళ్ళకు ఆమె పెద్ద. ఏడో భాగం కిందనే, కట్ట నీడలో ఉన్న వాడలో ఆమె ఇల్లు.

"నిన్నా కుడే, ఇవాళా కుడేనా అయ్యా?"

"కట్ట ఇష్టం ఏసుమణీ."

"నిన్న కుడిపక్క మూడడుగులు తవ్వితే పొడిమట్టి వచ్చింది. పిండి జల్లించినట్టుంది."

"ఇంకొంచెం లోతుకు వెళ్ళండి."

పడవ వెళ్ళింది. ఏడు సీట్లు ఖాళీ.

నమోదు 2208. బుధవారం.

చెవి లెక్కలో మూడో రోజు. పీట మీద నుంచి లేస్తుంటే నేల ఎడమవైపు ఒరిగింది. నేను కూడా దానికి మర్యాదగా ఒరిగాను. దారిలో ఎవరో పిలిచారు. ఏ దిక్కు నుంచో తెలియలేదు. ఒక చుట్టు పూర్తిగా తిరిగి, ఎవరూ కనబడక, గాలికి నమస్కారం పెట్టి వచ్చేశాను.

రేవు దగ్గర కాసేపు ఆగాను. పడవ ఎక్కే పలక వేసి ఉంది. ఎక్కడానికి ఆరు అడుగులు. లెక్కపెట్టాను. ఎక్కితే ఏమవుతుందో కూడా లెక్కపెట్టాను. ఆసుపత్రిలో పరీక్ష చేస్తారు, ఎడమ చెవి పనిచేయడం లేదని రాసిస్తారు. రాసిన మరుక్షణం నేను శ్రోతను కాను. రాయనంత కాలం శాఖ దస్త్రాల్లో నాకు రెండు చెవులు. ఇరవై మూడేళ్ళుగా నేను చేసిన పని వినడం ఒక్కటే. మరొకటి రాదు.

తొమ్మిది సీట్లు ఖాళీగా వెళ్ళాయి. ఊటలు: ఒకటి. కుడివైపు.

నమోదు 2211. శనివారం.

ఆరో రోజు. ఊటలు: రెండు. రెండూ కుడివైపే. కుడివైపు కట్టలో ఇప్పటికి ఐదు గోతులు. ఐదింటిలోనూ పొడిమట్టి. పర్యవేక్షకుల వారు గోతులను చూసి, "పని జరుగుతోంది" అని రాసుకుని వెళ్ళారు.

నమోదు 2214. మంగళవారం.

తొమ్మిదో రోజు. ఈ నమోదు నిదానంగా రాస్తున్నాను.

ఉదయం ఏడింటికి వాడలోకి నీరు వచ్చింది. ఊట కుడివైపు కాదు. ఎడమవైపు, పద్దెనిమిది అడుగుల దూరంలో. ఏసుమణి చెప్పులు లేకుండా కట్ట వెంట నడుస్తూ, అరికాలికి చల్లగా తగిలినచోట పలుగు దించి కనిపెట్టింది. నలభై మందీ కలిసి గంటన్నరలో పూడ్చారు. అప్పటికే పదకొండు ఇళ్ళలో మోకాలి లోతు ఉప్పునీరు. ప్రాణనష్టం లేదు. పొయ్యిలు, బియ్యం, పక్కబట్టలు పోయాయి.

జరిగిందేమిటో ఇప్పుడు తెలుస్తోంది. ఎడమవైపు ఊరుతున్న నీటి చప్పుడు ఎడమ చెవి వినలేదు. అదే చప్పుడు కట్ట గుండా పాకి కుడి గొట్టంలోకి కొంచెం చేరింది. కుడి చెవి విన్నది. కుడి చెవి విన్నది కాబట్టి కుడివైపు అని రాశాను. ఎనిమిది రోజుల పాటు సముద్రం ఎటునుంచి వచ్చినా నా పుస్తకంలో కుడివైపు నుంచే వచ్చింది.

ఏసుమణి పలుగు పట్టుకుని వచ్చింది. మోకాళ్ళ దాకా బురద. నా పక్కన కాసేపు నిలబడి, చుట్టూ తిరిగి కుడివైపుకు వచ్చింది.

"అయ్యా, ఇప్పుడు ఆ పక్కన నిలబడి మిమ్మల్ని మూడు బూతులు తిట్టా. ఒక్కటన్నా అందిందా?"

"లేదు."

"మంచివే తిట్టా. ఎన్నాళ్ళయింది?"

"తొమ్మిది రోజులు. ఫిర్యాదు దాఖలు చేశాను. ఇంకా ఐదు రోజులు వేచి చూడాలి."

"ఐదు రోజులేంది? నా పొయ్యిలో ఉప్పునీళ్ళు నిలబడి ఉన్నాయ్. సముద్రానికేమన్నా కాయితం ఇచ్చారా, ఐదు రోజులు ఆగమని?"

"సర్క్యులర్ నలభై ఒకటి ప్రకారం..."

"ఎవడయ్యా ఆ సర్కులర్ రాసిన మహానుభావుడు? ఒక్కసారి చూపించండి. కాళ్ళకి దణ్ణం పెట్టి, కట్టలో నిలువునా పాతేస్తా. గొయ్యి కూడా తవ్వే ఉంది, ఐదు తవ్వించారుగా!"

"ముసాయిదా నాది," అన్నాను.

ఆమె పలుగు కింద పెట్టింది.

"మీరే రాశారా?"

"శ్రోతల్లో రాత బాగున్నది నాదేనని అప్పట్లో నాకే అప్పగించారు. భాష బాగుందని ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు."

"పడవెక్కండయ్యా," అన్నది. గొంతులో కోపం లేదు. అదే నాకు కష్టంగా అనిపించింది. "చెవి గొట్టం కాదు, పాడైతే మధ్యాహ్నానికి కొత్తది తేవడానికి."

పడవ ఎక్కలేదు. ఆ ఒక్క విషయంలో నేను సర్క్యులర్‌ను అక్షరాలా పాటించాను. అయితే ఈ రోజు నుంచి కుడి చెవినే ముందు ఎడమ గొట్టానికి, తర్వాత కుడి గొట్టానికి పెట్టి, ఏది బిగ్గరో గుర్తుంచుకుని చెబుతున్నాను. నిబంధనల్లో ఇందుకు ఏర్పాటు లేదు. నీటికి ఆ సంగతి తెలియదు.

నమోదు 2220. సోమవారం.

పదిహేనో రోజు. అనుమతి పత్రం అందింది. ఎనిమిదింటి పడవలో మెట్ట ఆసుపత్రికి వెళ్ళాను. పది సీట్లు ఖాళీ. పదకొండవదానిలో నేను.

చెవి డాక్టరు రహిమున్నీసా గారు దీపం పెట్టి లోపలికి చూశారు.

"గుబిలి లేదు. ఇంత శుభ్రమైన చెవి ఈ నెలలో చూడలేదు. జేబులో ఏంటది?"

"శృతిదండం. శాఖ వారిది."

ఆమె దాన్ని తీసుకుని మోచేతికి తాటించి, కాడను నా నుదుటి మధ్యలో ఆనించారు. "ఎటు వినబడుతోంది?"

"కుడివైపు."

"గుబిలో జలుబో అడ్డుపడితే, పాడైన చెవి వైపే ఎక్కువ వినబడాలి. బాగున్న చెవి వైపుకు పోతే లోపల నరం దెబ్బతిన్నదని అనుమానించాలి. ఇది లేకపోయినా పెదాలు మూసుకుని 'ఊఁ' అంటే చాలావరకు తెలిసిపోతుంది. గదిలో కూర్చోబెట్టి అసలు పరీక్ష ఎలాగూ చేస్తాం. ఎప్పుడు మొదలైంది?"

"ఈ రోజుకు పదిహేనో రోజు."

రాస్తున్న కలం ఆగింది.

"జేబులో ఇది పెట్టుకుని పదిహేను రోజులు తిరిగారా?"

"నుదుటికి పెట్టుకోవాలని శాఖ చెప్పలేదండీ."

"చూడండి రంగధామంగారూ. ఉన్నట్టుండి ఒక చెవి వినబడడం మానేస్తే, నొప్పి ఉన్నా లేకపోయినా, ఆ రోజే రావాలి. గుండెనొప్పి వస్తే రేపు చూద్దాం అనం కదా, అలాగ. ఎందుకొస్తుందో చాలాసార్లు మాకూ తెలీదు. కానీ మొదటి రెండు మూడు రోజుల్లో స్టెరాయిడ్ మొదలుపెడితే చాలామందికి కొంతైనా తిరిగొస్తుంది. రోజులు గడిచేకొద్దీ ఆ తలుపు మూసుకుపోతూ ఉంటుంది."

"ఇప్పుడు?"

"మాత్రలిస్తాను. కర్ణభేరి గుండా లోపలికి సూదిమందు కూడా వేస్తాను. ఆశ వద్దని చెప్పను. ఎక్కువ వద్దు." తర్వాత, కాగితం మడుస్తూ అడిగారు: "ఈ పద్నాలుగు రోజుల రూలు పెట్టేముందు డాక్టర్నెవరినైనా అడిగారా?"

"చెవుల గురించి శాఖకు తెలియనిది లేదని శాఖ అభిప్రాయం."

అప్పట్లో ఆ అభిప్రాయాన్ని వాక్యంగా రాసింది కూడా నేనేనని చెప్పలేదు.

నమోదు 2251. గురువారం.

చికిత్స ముగిసింది. ఎడమ చెవి: లేదు. కుక్కర్ చప్పుడు: ఉంది. అది ఇక నాతోనే ఉంటుందట.

గొట్టాల నుంచి నన్ను తొలగించి, కార్యాలయంలో ముసాయిదా గుమాస్తాగా నియమించారు. కొత్త శ్రోతకు కొత్త పుస్తకం ఇచ్చారు. ఈ పుస్తకంలో పేజీలు మిగిలాయి కనుక, వృథా చేయరాదన్న నియమం మేరకు రాస్తున్నాను.

మొదటి పనిగా సర్క్యులర్ 41కి సవరణ తయారుచేశాను. "పద్నాలుగు దినములు వేచి చూడవలెను" అన్నచోట "అదే దినమున పడవ ఎక్కవలెను" అని. నా ఉద్యోగ జీవితంలో రాసిన అతి చిన్న ముసాయిదా. దక్షిణామూర్తి గారు చదివి, టీ గ్లాసు దాని మీద పెట్టారు.

"ఒక్క కేసు మీద సర్క్యులర్ మారుస్తారటండీ? గణాంకాలు కావాలి."

"ఎన్ని కావాలండీ?"

"తొందరెందుకు? ఇంకో పదమూడు చెవులు పోనివ్వండి, అప్పుడు ఫైలు నడుపుదాం."

నమోదు 2263. మంగళవారం.

ఉదయం ఏడున్నరకు దక్షిణామూర్తి గారు నా గదిలోకి వచ్చి తలుపు వేశారు. కాలరు వెల్లుల్లి వాసన వేస్తోంది.

"రంగధామంగారూ, పొద్దున లేచేసరికి కుడి చెవి... గుబిలేనంటారా?"

శృతిదండం శాఖకు తిరిగి అప్పగించాలన్న సంగతి ఇద్దరమూ మరిచిపోయి ఉన్నాం. జేబులోంచి తీసి, మోకాలికి తాటించి, ఆయన నుదుటికి ఆనించాను.

"ఎటు వినబడుతోందండీ?"

"ఎడమ." ఆయన ముఖం వెలిగింది. "బాగున్నవైపే. అంటే బాగున్నట్టేగా?"

"కాదండీ."

బల్ల మీద నా సవరణ ఉంది, దాని మీద గుండ్రటి టీ మరక ఉంది. ఆ క్షణంలో నాకు కలిగిన ఆలోచనను ఇక్కడ నమోదు చేయడం లేదు. పుస్తకంలో కొట్టివేతలు ఉండరాదు కనుక, మొదటే రాయకపోవడం మేలు.

"పడవకు ఇంకా అరగంట ఉంది, పదండి," అన్నాను.

"మరి సర్క్యులర్? సంతకం పెట్టింది నేను. నేనే దాటితే రేపు పైవాళ్ళు..."

"అందులో 'శ్రోత' అని ఉంది. పర్యవేక్షకుల గురించి ఒక్క ముక్క లేదు. నేను రాశాను, నాకు తెలుసు."

రేవు దాకా నడిచాం. ఆయనకు కుడి చెవి లేదు, నాకు ఎడమ లేదు. ఆయనకు ఎడమవైపు నేను నడిస్తే ఇద్దరికీ వినబడుతుంది. అలాగే నడిచాం. పలక ఎక్కేముందు ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. ఆరు అడుగులూ వేశారు.

నమోదు 2284. మంగళవారం.

దక్షిణామూర్తి గారు విధుల్లో చేరారు. చెవి దాదాపు పూర్తిగా తిరిగి వచ్చింది. మొదటి రోజే వచ్చినందుకు డాక్టరుగారు మెచ్చుకున్నారట. నాకు పాలకోవా తెచ్చారు.

సాయంత్రం ఫైలు వచ్చింది. అందులో ఆయన చేతిరాత: "పర్యవేక్షకులకు కుడి చెవి యందు గుబిలి చేరగా స్వల్ప చికిత్సతో తొలగినది. చెవి ఫిర్యాదులు వాటంతట అవియే సర్దుకొనునని ఇందువలన రుజువగుచున్నది. సర్క్యులర్ 41 సవరణ తిరస్కరించడమైనది."

ఫైలు పట్టుకుని ఆయన దగ్గరకు వెళ్ళాను.

"మీకు స్టెరాయిడ్ ఇచ్చారు కదండీ?"

"ఇచ్చారండీ. ఇవ్వకేం?" కిటికీలోంచి కట్ట వైపు చూశారు. "కానీ పర్యవేక్షకుడి చెవి నరం ఒకసారి పోయి వచ్చిందని ఫైల్లో ఉంటే, ఈ కుర్చీలో నన్ను ఉండనిస్తారా? మీకు తెలియందేముంది."

నాకు తెలుసు. రేవులో ఆరు అడుగుల ముందు నిలబడి నేను చేసిన లెక్కే అది. ఆయన చెవి దక్కాక చేశారు. నేను దక్కకముందే చేశాను. పాలకోవా బాగుంది.

నమోదు 2285. బుధవారం.

ఈ పుస్తకంలో ఇది చివరి పేజీ.

ఉదయం కట్ట కిందకు వెళ్ళాను. డాక్టరుగారు చెప్పిన సంగతి కొన్నాళ్ళ క్రితం ఏసుమణికి చెప్పి ఉన్నాను. ఆమె సవరణ కోసం ఆగలేదు. మట్టి పనివాళ్ళు నలభై మందీ పలుగులూ తట్టలూ కింద పెట్టి వరసగా నిలబడ్డారు.

"నోళ్ళు మూసుకుని ఊఁ అనండర్రా! రెండు పక్కలా సమానంగా రావాల. ఒక పక్కకే లాగినోళ్ళు, చెవి దిబ్బడేసినోళ్ళు చెయ్యెత్తండి. గుబిలి గిబిలి అని నాకు చెప్పొద్దు. సరాసరి పడవే."

వరసలో ఎవరో ఆడమనిషి అన్నది: "మా ఆయన చెప్పేయి రెండు పక్కలా వినబడట్లేదక్కా. పడవెక్కమంటావా?"

"అది రోగం కాదే, సుఖం. ఊఁ అను!"

నలభై గొంతులు ఒక్కసారి ఊఁ అన్నాయి. వరసకు వెనకగా, యూనిఫాం మీద పాత దుప్పటి కప్పుకుని, ఏడో భాగం కొత్త శ్రోత కూడా నిలబడి ఉన్నాడు. నేను చూశానని గమనించి తల దించుకున్నాడు. సర్క్యులర్ 41 ఇంకా అమల్లోనే ఉంది. అయినా అతను పెదాలు విప్పలేదు, ఊఁ ఆపలేదు.

నేను వరసకు ఎడమ కొసన నిలబడ్డాను, అందరూ నా కుడివైపు ఉండేలా. నేనూ ఊఁ అన్నాను. కుడివైపు మాత్రమే వినబడింది. చెయ్యెత్తలేదు. ఎడమవైపు సముద్రం ఉండి ఉంటుంది.

తనిఖీ అధికారి వారికి మనవి. ఈ పుస్తకం తమ చేతికి ఎప్పుడు వస్తుందో తెలియదు. చదువుతుండగా తమకు ఒక చెవి ఉన్నట్టుండి వినబడడం మానేస్తే, మిగతా నమోదులను తర్వాత తనిఖీ చేయవచ్చు. పడవ ఎనిమిదింటికి. సీట్లు ఖాళీగానే ఉంటాయి.